కింద పెట్టని గిన్నె

ముందు రాయి వినిపిస్తుంది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలో, తోటకూర కట్టల మీద నీళ్ళు చల్లే వేళకు, ఏదో గోడ అవతల రాయి మీద రాయి పడుతుంది. టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టక్. రోలు చప్పుడుకైతే ఒక నడక ఉంటుంది. దీనికి లేదు. తట్టుకుని, ఆగి, ఆలోచించుకుని మళ్ళీ అడుగు వేసే మనిషిలా పడుతుందా చప్పుడు. దాని వెనకే వెల్లుల్లి వాసన గోడ దూకి వస్తుంది.

ఆ తర్వాతే సక్కుబాయి కనిపిస్తుంది. గడప పక్కన గోనెసంచి పరుచుకుని, గుండ్రాయిని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని ఎత్తుతుంది. వేళ్ళతో పట్టుకోదు. కుడి చేతికి బొటనవేలు ఒక్కటే పూర్తిగా ఉంది. మిగతావి మొదళ్ళ దగ్గరే ఆగిపోయాయి. ఎడమ చేతి వేళ్ళకు కొసలు లేవు. పాయ పగిలాక రెబ్బల్ని అరచేతుల మధ్య నలిపి, చాటను మోచేతులకు ఆనించుకుని చెరుగుతుంది. తెల్లటి పొట్టు ఎగిరి ఆమె తల మీద, భుజాల మీద వాలుతుంది.

మంచు పడ్డట్టుంది అన్నాను ఒకరోజు, ఊరికే.

చాట ఆపి నా వంక చూసింది. "మంచు ఎన్నడన్న చూసినవా బిడ్డా?"

చూడలేదన్నాను.

"ఐతె ఊకో."

బిర్యానీ హోటళ్ళకు వెల్లుల్లి ఒలిచి పంపే పని అది. మార్కెట్ నుంచి సంచులు తెచ్చి పడేసేది పక్కింటి సత్తెమ్మ. ఆమె పరాచికాలు ఆమె తెచ్చే సంచుల్లాగే బరువు. "మా సక్కక్క అదృష్టవంతురాలు. ఉంగరాల ఫికర్ లేదు, గోర్లు తీసుకునే ఫికర్ లేదు," అంటుంది. సక్కుబాయి తల ఎత్తకుండా, "నీకు నోరు లేకుంటె గల్లీ మొత్తానికి అదృష్టముండు," అంటుంది. ఇద్దరూ నవ్వరు. సంచి దింపి సత్తెమ్మ వెళ్ళిపోతుంది. రాయి మళ్ళీ మొదలవుతుంది.

ఆ గల్లీలో అద్దెకున్నన్నాళ్ళూ పొద్దున పూట ఆమె గడప మీద కూర్చునేవాణ్ణి. ఈ కథ ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. పొట్టు ఎగిరినట్టు కొంచెం కొంచెంగా చెప్పింది.

*

ఆమె భర్త బీరయ్య తోపుడు బండి తోసి తోసి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అప్పుడామె హుస్సేనీ ఆలంలో వెంకటనారాయణ గారింట్లో అంట్లు తోమడానికి చేరింది. ఆయన మసాలా దినుసుల టోకు వ్యాపారి. ఆయన దుకాణంలో మిరపకాయ ఘాటుకు కూలీలు తుమ్ముతుంటారు గానీ ఆయన ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి పొయ్యి ఎక్కవు. ఆయన భార్య సుశీలమ్మ ఇల్లంతా మడి మీద నడిపిస్తుంది. తెల్లారి చన్నీళ్ళ స్నానం, ఒంటి మీద తడి బట్ట, ఆ తర్వాతే పొయ్యి. సుశీలమ్మ మోకాళ్ళు పట్టుకుపోయాక అంట్ల దగ్గరున్న సక్కుబాయి వంటింట్లోకి వచ్చింది. చుట్టాలు గొణిగారు. "స్నానం చేసినంక కులమేంది, నీళ్ళు కడగనిదేమన్న ఉంటదా," అంది సుశీలమ్మ. అవసరం అప్పుడప్పుడు అంత పెద్ద మనసుతో మాట్లాడుతుంది.

ఆ ఇంట్లో దేవుడికి పెట్టకముందు ఏదీ రుచి చూడకూడదు. అందుకని సక్కుబాయి వేళ్ళు నాలుక పని నేర్చుకున్నాయి. ఉప్పును మూడు వేళ్ళ కొసల మధ్య నలిపి వదిలితే అన్నానికి ఎంత కావాలో అంతే రాలేది. పిండిని తాకితే పూరీ పొంగుతుందో లేదో తెలిసిపోయేది. పులుసు చిక్కదనాన్ని గరిటె కాడ మీదే పట్టేసేది. ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఎవరూ ఉప్పు మాట ఎత్తలేదు. ఆమెకు దొరికిన మెప్పు అదే. ఆమెకున్నవీ ఆ వేళ్ళే. వాటిని చూసే ఆ ఇల్లు ఆమెను లోపలికి రానిచ్చింది.

ఇంకో నియమం ఉంది. దేవుడికని పొయ్యి మీంచి దించిన గిన్నె దేవుడి ముందే ఆనాలి. మధ్యలో నేల తగలకూడదు, చేయి మారకూడదు. ఆ ఇంట్లో వంటగదికీ దేవుడి గదికీ మధ్య ఒక చిన్న నడవ ఉంది. కాళ్ళకు అడ్డొచ్చే పిల్లిని తప్పించుకుంటే చాలు, నియమం పూర్తవుతుంది.

సుశీలమ్మ కొడుకు శ్రవణ్‌కుమార్ ఒక సాయంత్రం ఫోనులో ఉత్తరాది మంచుకొండలు చూపిస్తూ తల్లి పక్కన కూర్చున్నాడు. భార్య కీర్తిప్రియ వెనక నిలబడి ఉంది.

"ఎవ్వలు పోని తొవ్వ అమ్మా. హోటళ్ళు గిట్ల ఏముండయి. నడుచుకుంట పోవుడు, ఊర్లల్ల వాళ్ళ ఇండ్లల్లనే పండుడు, వాళ్ళు పెట్టిందే తినుడు."

సుశీలమ్మ వత్తులు చేస్తోంది. "వాళ్ళేం తింటరు?"

"రొట్టెలు, సూపులు..."

"సూపు దేంతోని చేస్తరు?"

శ్రవణ్‌కుమార్ ఫోను వంక చూశాడు. కీర్తిప్రియ పైకప్పు వంక చూసింది.

"పోండ్రి. వయసుల చూడకుంటె ఎన్నడు చూస్తరు," అంది సుశీలమ్మ వత్తి చివర నలుపుతూ. "సక్కుబాయి మీతోని వస్తది. మడిల వండి పెడతది. వాళ్ళ పొయ్యి మీదిది మీ నోట్లకు పోవద్దు."

వంటింట్లో ఉన్న సక్కుబాయికి అంతా వినబడింది. తనను పిలుస్తారేమోనని కొంగుకు చేతులు తుడుచుకుని నిలబడింది. పిలవలేదు.

"రోకలిని వస్తవా అని అడుగుతరా ఎవలన్న? కుక్కర్‌తో జత కట్టిండ్రు," అని నాతో అంది.

బయలుదేరే ముందు సుశీలమ్మ అరచేతిలో పట్టేంత ఇత్తడి వేంకటేశ్వరుణ్ణి పట్టుబట్టలో చుట్టి ఆమెకిచ్చింది. ఎత్తయిన కనుమ మీద చక్కెర పొంగలి నైవేద్యం పెట్టాలి, కొడుకు దాన్ని వీడియో తీసి పంపాలి. "కొండల దేవునికి కొండ మీద పెడితె ఇంటికి మస్తు మంచిది. పద్ధతి తప్పద్దు సక్కుబాయీ. నువ్వున్నవనే నేను పంపుతున్న."

ఆ చివరి మాటను సక్కుబాయి రైల్లో, బస్సులో, జీపులో పట్టుకుని కూర్చుంది.

*

జీపు ఆగిన చోట దారి ఆగలేదు. సన్నటి దారమై కొండను కుట్టుకుంటూ పోయింది. ఒక గైడు, రెండు కంచరగాడిదలు, శ్రవణ్‌కుమార్, కీర్తిప్రియ, వెనక సక్కుబాయి. ఆమెకు కాన్వాసు బూట్లు, చెవులు మూసే టోపీ, ఒక ఉన్ని శాలువా కొనిచ్చారు. ఉన్ని మడికి పనికొస్తుంది. చేతి తొడుగులు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఎత్తులో చెట్లు ఉండవు. పచ్చదనం ఊళ్ళ దగ్గర మాత్రమే, ఎవరో చాప పరిచి మరిచిపోయినట్టు, బఠానీ, బార్లీ చేలుగా ఉంటుంది. మట్టి మిద్దెల మీద పిడకలు పేర్చి ఉంటాయి. ప్రతి ఇంట్లో వంటగది మధ్య రేకు పొయ్యి, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ. ఇంట్లో వెచ్చగా ఉండేది అదొక్క గదే. అక్కడే తింటారు, అక్కడే నవ్వుతారు, అతిథిని అక్కడే కూర్చోబెడతారు.

ఆ గదిలో మాంసం ఉడుకుతుంది. కాబట్టి సక్కుబాయి పశువుల కొట్టంలో గ్యాసు పొయ్యి పెట్టుకుంది. పొద్దున్నే వాగులో స్నానం. "నీళ్ళు గావు అవి, కత్తులు," అంది. తడి చీర చుట్టుకుని, పైన శాలువా కప్పుకుని పొయ్యి వెలిగించేది. పులిహోర, పప్పు, పూరీ. అన్నీ ఇత్తడి పళ్ళెంలో సర్దితే శ్రవణ్‌కుమార్ వచ్చి ఫొటో తీసుకుని పళ్ళెం పట్టుకుపోయేవాడు. ఖాళీ పళ్ళెం తిరిగొచ్చేది. ఊపిరి అందక ఛాతీ మండుతున్నా, పళ్ళెం ఖాళీగా చూస్తే ఆమెకు తృప్తిగా ఉండేది.

ఒక ఊళ్ళో, అంట్లు తోముకోవడానికి వాగు వైపు వెళ్తూ ఇంటి వెనక్కి తిరిగింది. కంచరగాడిదలు రెండూ తొట్టిలో మూతులు పెట్టి ఉన్నాయి. తొట్టిలో పసుపు రంగు. దగ్గరికి వెళ్ళి చూసింది. పులిహోర. పల్లీలు ఏరుకుని మరీ నములుతున్నాయి. పక్కనే కిటికీ. లోపల పొయ్యి వెలుగులో శ్రవణ్‌కుమార్ ఎముకను పట్టి పీలుస్తున్నాడు. కీర్తిప్రియ వేళ్ళు నాకుతోంది. ఇద్దరి బుగ్గలూ ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి.

ఆమెను చూసి శ్రవణ్‌కుమార్ మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "సక్కమ్మా, గీ చలికి పులిహోరతోని ఆగుతదా చెప్పు. అమ్మకు ఈ ముచ్చట చెప్పకు."

"చెప్ప గని చిన్న సేటూ, మరి నేనెందుకు గడ్డకట్టిన నీళ్ళల్ల మునుగుడు?"

"ఫొటోలు పంపాలె గదా. సిగ్నల్ దొరికినప్పుడు అన్ని ఒక్కసారే పంపుత. నువ్వు ఆపితె అమ్మకు తెలుస్తది." ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, మడిలో ఉందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "నీకు అలవాటే గదా."

మర్నాడు స్నానం మానేసి వండి ఉంటే ఎవరికి తెలిసేది? అదే అడిగాను. సక్కుబాయి రాయి దించింది.

"మడి నాది గాదు, వాళ్ళది. నాకెరుకే. కని తడి బట్ట ఒంటికి అంటుకుంటది బిడ్డా. అది తీసేస్తె నేను మళ్ళ అంట్లు తోమే సక్కిని."

*

కనుమకు ముందు చివరి ఊళ్ళో ఆ ఇంటి ముసలామె కొట్టం గుమ్మంలో నిలబడి పిలిచింది. "అమ్మా, అందర్ ఆవో. ఆగ్ హై." లోపలికి రమ్మని, మంట ఉందని. సక్కుబాయి తల అడ్డంగా ఊపింది. ముసలామె ఉప్పు వేసిన వెన్న టీ తెచ్చింది. పుచ్చుకోలేదు. చివరికి గొర్రెతోలుతో కుట్టిన చేతి తొడుగులు తెచ్చి, లోపలి బొచ్చు తిరగేసి చూపించి, ఆమె ముందు పెట్టింది.

తోలు. మడికి తోలు తగిలితే మళ్ళీ స్నానం చేయాలి. సక్కుబాయి కాలి కొసతో వాటిని పక్కకు జరిపింది. "కాలుతోని జరిపిన," అని రెండుసార్లు చెప్పింది నాతో. ముసలామె వాటిని ఏరుకుని వెళ్ళిపోయిందట.

తెల్లవారి మంచు పడుతోంది. సక్కుబాయి వాగులో మునిగి, పొంగలి వండి, ఇత్తడి గిన్నెను తడి గుడ్డలో చుట్టి రెండు చేతుల్లో పట్టుకుంది. గైడు హిందీలో చెప్పాడు, గిన్నె కంచరగాడిద మీద కడదామని, పైకి పొద్దంతా పడుతుందని. ఆమె శ్రవణ్‌కుమార్ వంక చూసింది. అప్పటికే అతను ఫోను ఛార్జింగు చూసుకుంటున్నాడు. "వీడియోల నువ్వు పట్టుకొస్తున్నట్టే ఉండాలె," అన్నాడు.

నడవంత నియమం కొండంత దారి ఎక్కింది.

మొదట గిన్నె ఆమెకు వేడినిచ్చింది. అరచేతుల్లో చిన్న పొయ్యి ఉన్నట్టుంది, ఆ ఊళ్ళన్నిటిలో ఆమెకు దక్కిన వెచ్చదనం అదే. సగం దారిలో గిన్నె చల్లబడింది. తర్వాత ఇచ్చినదాన్నంతా తిరిగి తీసుకోవడం మొదలుపెట్టింది. తడి గుడ్డ గట్టిపడి రేకైంది. వేళ్ళు మండాయి, గుచ్చాయి, ఆ తర్వాత నొప్పి ఆగిపోయింది. "ఆగింది గదా అని సంబురపడ్డ," అంది.

కనుమ మీద రంగు గుడ్డల తోరణాలు గాలికి చిరుగుతున్నాయి. వేంకటేశ్వరుణ్ణి రాళ్ళ గుట్ట మీద నిలబెట్టారు. శ్రవణ్‌కుమార్ ఫోను ఎత్తి, దించాడు. వెనక మంచుకొండ మబ్బు చాటున ఉంది. మబ్బు తొలిగేదాకా ఆగాలన్నాడు. ఆమె గిన్నె పట్టుకుని నిలబడింది. కీర్తిప్రియ, "పాపం, తొందరగా తియ్యి," అంటూ తన తొడుగుల చేతుల్ని చంకల్లో దాచుకుంది. మబ్బు తీరిగ్గా తొలిగింది. కొండ బయటపడింది, తెల్లగా, ఎవరి చలీ పట్టనట్టు. అప్పుడామె వంగి గిన్నెను దేవుడి ముందు ఆనించింది. గిన్నె ఆనింది. చేతులు దాన్ని వదల్లేదు. గైడు వచ్చి ఒక్కో వేలూ విడదీశాడు. అవి కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

అవతలి ఊళ్ళో కీర్తిప్రియ ప్రేమగా తలనొప్పి మందు తెచ్చి రుద్దింది. రుద్దిన చోట తోలు ఊడి ఆమె చేతికే వచ్చింది. గైడు వద్దని అరిచి, గోరువెచ్చని నీళ్ళు పెట్టించాడు. ఆ ఇంటివాళ్ళు సక్కుబాయిని రేకు పొయ్యి పక్కన కూర్చోబెట్టి, గిన్నె నోటికి అందించి ఉప్పు టీ తాగించారు. వద్దనడానికి అడ్డం పెట్టే చేతులు ఆమెకు లేవు. ఏళ్ళ తర్వాత దేవుడి కంటే ముందు ఆమె నాలుక ఉప్పు చూసింది.

"సరిగ్గ ఉండె," అంది. "ఆ ముసలామె ఇచ్చిననాడే తాగితె ఐపోవు."

వెంటనే కిందికి దించాలన్నాడు గైడు. ఇంకా రెండు ఊళ్ళున్నాయి, వాపు అదే దిగుతుంది అన్నాడు శ్రవణ్‌కుమార్. రెండు ఊళ్ళూ చూశారు. జీపు ఎక్కేసరికి వేళ్ళు వంకాయ రంగు దాటి నల్లబడ్డాయి. ఆమె సంచిలో గొర్రెతోలు తొడుగులు కనిపించాయి. ముసలామె ఎప్పుడో గైడు చేత పెట్టించింది.

*

హైదరాబాదులో వేళ్ళు తీసేశారు. ఆసుపత్రి బిల్లు తనే కట్టానని శ్రవణ్‌కుమార్ ఇప్పటికీ వినేవాళ్ళకు చెబుతుంటాడు.

సుశీలమ్మ పళ్ళ బుట్టతో మాదన్నపేట వచ్చింది. కట్ల వంక చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కళ్ళు తుడుచుకున్నాక వంగి, గొంతు తగ్గించి అడిగింది. "సక్కుబాయీ, గిన్నె మధ్యల ఏడ కింద పెట్టలేదు గదా?"

"పెట్టలే అమ్మా."

"నాకెరుక," అంది సుశీలమ్మ. తేలికగా ఊపిరి తీసుకుని, ఒక బత్తాయి ఒలిచి తొనలు ఆమె నోట్లో పెట్టింది.

గాయాలు మానాక సక్కుబాయి హుస్సేనీ ఆలం వెళ్ళింది. వేళ్ళు లేకపోయినా గరిటె తిప్పగలను, ఉప్పు ఎవరైనా వేస్తే ఎంతో నేను చెబుతాను అని చెప్పుకుందామని వెళ్ళింది. హాలులో సోఫా పైన పెద్ద ఫొటో కట్టించి ఉంది. కనుమ, తోరణాలు, మంచుకొండ, ఇత్తడి దేవుడు, ఆయన ముందు గిన్నె, గిన్నెను పట్టుకున్న రెండు చేతులు. చేతుల దగ్గరే ఫొటో అయిపోయింది, మనిషి లేదు. పది వేళ్ళూ ఉన్నాయి. ఫ్రేము మీద ఎవరో పొద్దున్నే పూలు పెట్టారు.

కొత్త వంటామె నీళ్ళ గ్లాసు తెచ్చి ఆ ఫొటో వంక చూస్తూ అడిగింది. "ఎవరి చేతులమ్మా అవి, ఎంత సక్కగున్నయి?" సుశీలమ్మ వత్తుల పళ్ళెం దగ్గరికి లాక్కుంది. సక్కుబాయి గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగింది.

"పనికి రానిస్తవా అమ్మా?"

"రావద్దని నాకెట్ల అనబుద్ధైతది," అంది సుశీలమ్మ. "కని పగిలిన విగ్రహానికి పూజ చెయ్యం గదా. గట్లనే చెయ్యి గూడ. దేవుని పొయ్యి కాడికి నిండు చెయ్యే రావాలె. పద్ధతి నీకు నేను చెప్పాల్నా? నాకంటె గట్టిగ పట్టినదానివి."

అప్పుడు సక్కుబాయి దాచుకున్నది బయటపెట్టింది. ఆమె దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆయుధం అది. చిన్న సేటు ఆ ఇళ్ళల్లో మాంసం తిన్నాడని, ఒక్కరోజు కాదు దారి పొడుగునా తిన్నాడని, తాను మడిలో వండిందంతా కంచరగాడిదలు తిన్నాయని చెప్పింది. చెప్పి, సుశీలమ్మ ముఖంలో ఏదో కూలుతుందని ఎదురు చూసింది.

సుశీలమ్మ వత్తి చివర నలిపింది.

"తెలుసు," అంది. "కన్నదాన్ని, వాని మొహం చూస్తె తెల్వదా. తినకుంటె ఆ చలికి ఆగుతడా? పిల్లగాడు." చేసిన వత్తిని పళ్ళెంలో పెట్టి ఇంకోటి అందుకుంది. "ఇంట్ల ఒక్కరన్న మడి పట్టాలె సక్కుబాయీ. వాడు పట్టలేడని నాకెరుక. అందుకే గదా నిన్ను పంపిన."

గల్లీలోకి వచ్చాక ఎటు నడవాలో ఆమెకు కాసేపు తెలియలేదట.

*

తొడుగులు ఆమె గదిలో మేకుకు వేలాడుతుంటాయి. వేళ్ళ గూళ్ళ నిండా వెల్లుల్లి రెబ్బలు కుక్కి పెట్టింది, పురుగు పట్టకుండా. దూరం నుంచి చూస్తే ఎవరివో నిండు చేతులు గోడలోంచి వచ్చి ఏదో అందుకోబోతున్నట్టుంటుంది.

నేను గది ఖాళీ చేసి సంతోష్‌నగర్‌కు మారే రోజు, తిని పొమ్మంది. మోకాళ్ళ మధ్య గిన్నె బిగించి అన్నం కలిపింది. పచ్చి వెల్లుల్లి, ఎండు మిరపకాయలు దంచిన కారం. ఉప్పు డబ్బాను మోచేత్తో వంచితే గుప్పెడు జారి పడింది. ఆమె పడినదాని వంక చూసింది. తీయలేదు. తీయడానికి వీలు లేదు.

"కొంచెం నోట్లో వేసుకుని చూడరాదూ," అన్నాను.

ఆమె గిన్నె వంక చూసింది. ఒక్క క్షణం పెదవులు కదిలాయి. మళ్ళీ బిగుసుకున్నాయి. గిన్నెను అరచేతుల మధ్య ఎత్తి, గూట్లో ఉన్న దేవుడి బొమ్మకు చూపించి, మధ్యలో ఎక్కడా నేల తగలకుండా తెచ్చి నా ముందు ఆనించింది.

మొదటి ముద్ద పెట్టుకున్నాను. మింగడానికి నీళ్ళ కోసం వెతికాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది, పొయ్యి మీది పాలు చూసినట్టు.

"ఉప్పెక్కువైంది గదా," అంది. "తిను తిను. నా వేళ్ళున్నప్పుడు వండింది గాడిదలు తిన్నయి. ఇది నువ్వు తిను."